ఎదురుగా నిలబడి చెప్పలేని మాట

1972 జూన్ 10 రాత్రి. రాంచీలో రాజేంద్ర వైద్య కళాశాల అమ్మాయిల హాస్టల్. కొందరు డాబా మీద కూర్చుని చదువుకుంటున్నారు. మిగతావాళ్లు గదుల్లో ఉన్నారు.

బాగా పొద్దుపోయాక ఆవరణలోకి కొందరు అబ్బాయిలు చొరబడ్డారు. బయటి రౌడీలు కాదు, అదే కాలేజీ విద్యార్థులు. ఒంటిమీద నూలుపోగు లేకుండా హాస్టల్ చుట్టూ తిరిగారు. కిటికీల దగ్గరికొచ్చి ఒకమ్మాయి చెయ్యి పట్టి లాగబోయారు. ఐదుగురు అక్కడితోనూ ఆగలేదు. గోడవారనున్న నీటిగొట్టాలు పట్టుకుని డాబా మీదికి పాకారు. పుస్తకాల ముందున్న అమ్మాయిలు తలెత్తి చూసి కేకలు పెట్టారు. దాంతో వచ్చినవాళ్లు పారిపోయారు.

పారిపోయినవాళ్లలో నలుగురిని అమ్మాయిలు గుర్తుపట్టారు.

గుర్తుపట్టడం ఒక ఎత్తు, ఆ పేర్లు పైకి చెప్పడం ఇంకో ఎత్తు. తెల్లారితే అదే కాలేజీకి వెళ్లాలి. అదే ఊళ్లో బజారుకి నడవాలి. ఒక్కరు రాస్తే ఆ ఒక్కరి మీదే పడతారు. 36 మంది కలిసి రాశారు. ఆ ఫిర్యాదు రహస్యంగా ప్రిన్సిపాల్ బల్ల మీదికి చేరింది.

ఆయన పరిస్థితి ఊహించండి. పోలీసుల్ని పిలవచ్చు. పిలిస్తే భయంతోనూ పరువు పోతుందన్న బెంగతోనూ ఈ అమ్మాయిల్లో ఒక్కరూ నోరు విప్పరు. పోనీ కాలేజీలోనే బహిరంగంగా విచారణ పెట్టి, ఆ నలుగురి ఎదుట వీళ్లను నిలబెడితే? అప్పుడూ అంతే. అలాగని ఊరుకుంటే రేపు రాత్రి ఇంకో పదిమంది గొట్టాలెక్కుతారు. లైంగిక వేధింపుల కమిటీ అన్న మాట దేశంలో ఇంకా పుట్టని రోజులవి. ప్రిన్సిపాల్ చేతిలో ఉన్నదల్లా క్రమశిక్షణాధికారం, కాస్త ఇంగితం.

ఆయన ముగ్గురు అధ్యాపకులతో ఒక కమిటీ వేశారు. కమిటీ ముందుగా ఫిర్యాదు చేసిన అమ్మాయిల్లో పదిమందిని విడిగా పిలిచి విన్నది. ఆ నలుగురి ఫొటోలను వేరే విద్యార్థుల ఫొటోల్లో కలిపి, అన్నీ ముందు పెట్టి ఎవరో చూపించమన్నది. దాదాపు అందరి వేళ్లూ ఆ నలుగురి మీదే ఆగాయి. తర్వాత ఆ నలుగురినీ ఒక్కొక్కరిగా లోపలికి పిలిచారు. మీ మీద వచ్చిన ఆరోపణ ఇదీ అని రాతపూర్వకంగా చేతికిచ్చారు. అమ్మాయిల పేర్లు మాత్రం ఎక్కడా పొక్కనివ్వలేదు. జవాబు రాయమన్నారు. మేం ఆ రాత్రి మా హాస్టల్లోనే ఉన్నాం, మాకేమీ తెలియదు అని నలుగురూ రాసిచ్చారు.

కమిటీ వాళ్లను నమ్మలేదు. రెండేళ్లపాటు కాలేజీ నుంచి బహిష్కరించారు.

నలుగురూ పట్నా హైకోర్టుకి వెళ్లారు, ఓడారు. సుప్రీంకోర్టుకి వెళ్లారు. వాళ్ల వాదనని కొట్టిపారేయడం అంత తేలిక కాదు. మా మీద ఎవరేం చెప్పారో మా ఎదుట చెప్పించలేదు, వాళ్లను ఎదురు ప్రశ్నలు అడగనివ్వలేదు, కమిటీ నివేదిక ప్రతి కూడా మాకివ్వలేదు, ఇది సహజ న్యాయమెలా అవుతుంది అన్నారు. డాక్టరు కావలసినవాడి రెండేళ్లు లాగేసుకుంటూ, నీ మీద చెప్పింది ఫలానావాళ్లని కూడా చెప్పకపోవడం చిన్న విషయమా? కాదు. ఆ ప్రశ్న వేసినవాళ్లు దోషులైనా సరే, ప్రశ్న మాత్రం సరైనదే.

1973 ఏప్రిల్‌లో వచ్చిన తీర్పు జస్టిస్ పాలేకర్ రాశారు. సహజ న్యాయ సూత్రాలు అన్ని చోట్లా ఒకే కొలతతో కుట్టిన చొక్కా కావు, సందర్భాన్ని బట్టి మారతాయన్నది దాని సారం. అల్లరిమూకల ఎదుట నిలబడి వాంగ్మూలమివ్వడానికి ఆ అమ్మాయిలు సాహసించరు, సాహసిస్తే ప్రతీకారాన్ని కోరి తెచ్చుకున్నట్టే అని ఆయన రాశారు. కాలేజీ గేటు దాటాక వాళ్లను కాపాడే శక్తి కాలేజీకి లేదన్న మాటా ఒప్పుకున్నారు. గూండాలను నగర బహిష్కారం చేసే చట్టాల కింద సాక్షులు బయటికి రావడానికి భయపడే స్థితితో దీన్ని పోల్చారు. ఆరోపణ చెప్పారు, జవాబు విన్నారు, ముగ్గురు బాధ్యతగల అధ్యాపకులు నిజాయితీగా తేల్చారు, ఇక్కడికి అది చాలు అన్నారు. బహిష్కరణ నిలిచింది.

సూరత్‌లో, తాపీ నదికి పడమటి ఒడ్డున అడాజన్‌లో కూర్చుని ఆ తీర్పు చదివినప్పుడు నాకు తోచిందేమిటంటే, ఆ తర్వాత యాభై ఏళ్లలో మన విశ్వవిద్యాలయాలకు వకీళ్లు, జడ్జీలు చెప్పిన సలహాలన్నీ ఈ ఒక్క చిక్కుముడి చుట్టూనే తిరిగాయి. ఎదురుగా నిలబడి చెప్పలేని మాటను ఎలా వినాలి? వింటూనే, అవతలివాడికి జవాబు చెప్పుకునే చోటు ఎలా మిగల్చాలి? మిగతావన్నీ గెజిట్ కాగితాలే.

రాంచీ ప్రిన్సిపాల్ చేసింది అదృష్టవశాత్తూ సరిపోయింది. అంత ఇంగితం లేని ప్రిన్సిపాళ్ల మాటేమిటి? రాతపూర్వకమైన పద్ధతి కోసం దేశం మరో పాతికేళ్లు ఆగింది. అది వచ్చింది కూడా కాలేజీల నుంచి కాదు, రాజస్థాన్‌లో భటేరి అనే పల్లె నుంచి.

అక్కడ భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా, అంటే గ్రామ కార్యకర్తగా పనిచేసేది. కుమ్మరి కులస్థురాలు. ఊళ్లో పెద్దకులం ఇంట పసిపాపకు చేస్తున్న పెళ్లిని ఆపడానికి చూసింది. అది ఆమె ఉద్యోగ ధర్మం. 1992 సెప్టెంబరులో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. ఆమెకు అండగా నిలిచిన మహిళా సంఘాలు అంతకుముందే ఇంకో దారి కూడా పట్టాయి. ఈ నేరం ఎవరు చేశారన్నది ఒక ప్రశ్న. పనిలో ఉన్న ఆడమనిషికి రక్షణ బాధ్యత ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. రెండో ప్రశ్నతో సుప్రీంకోర్టు తలుపు తట్టాయి. ఫాలీ నారిమన్ కోర్టుకు సాయంగా వాదించారు. 1997 ఆగస్టు 13న జస్టిస్ జె.ఎస్. వర్మ, జస్టిస్ సుజాతా మనోహర్, జస్టిస్ బి.ఎన్. కిర్పాల్ తీర్పునిచ్చారు. ఆ సంఘాల్లో ఒకదాని పేరిట దాన్ని విశాఖ తీర్పు అంటారు. పార్లమెంటు చట్టం చేసేదాకా తామిచ్చే మార్గదర్శకాలే చట్టమన్నారు. పనిచోట ఫిర్యాదులు వినే కమిటీకి మహిళే అధ్యక్షురాలు, సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలు, పైవాళ్ల ఒత్తిడికి లొంగకుండా బయటి సంస్థ నుంచి ఒకరు. ఆ బయటి మనిషి సంగతి గుర్తుంచుకోండి.

పార్లమెంటుకి చట్టం చేయడానికి పదహారేళ్లు పట్టింది. ఆ లోగా కొన్ని విశ్వవిద్యాలయాలు తమ నిబంధనలు తామే రాసుకున్నాయి. జె.ఎన్.యు. 1999లో జీఎస్‌క్యాష్ అనే తన కమిటీ పెట్టుకుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2004లో తన ఆర్డినెన్సు తెచ్చింది. చాలా చోట్ల మాత్రం నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించి చేతులు దులుపుకున్నారు.

అదే 2004లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. పుణెలోని ఆలోచన సంస్థకు చెందిన మేధా కోత్వాల్ లేలే రాసిన లేఖతో మొదలైన కేసది. ఫిర్యాదుల కమిటీ ఇచ్చే నివేదికనే శాఖాపర విచారణ నివేదికగా లెక్కించాలి, మళ్లీ మొదటినుంచి ఇంకో విచారణ పెట్టి ఆమెను రెండోసారి అన్నీ చెప్పమనకూడదు. వేధింపులకు గురైన మనిషికి ఇది పెద్ద ఊరట. కానీ దీనికి రెండో అంచు ఉంది. కమిటీ నివేదికే విచారణలో ఆఖరు మాట అయినప్పుడు, కమిటీ చేసిన తప్పు దిద్దడానికి ఇంకో విచారణ ఉండదు. ఆ అంచు ఎంత పదునైనదో గోవాలో తేలింది.

గోవా విశ్వవిద్యాలయం, 2009. ఒక శాఖకు అధిపతిగా ఉన్న అధ్యాపకుడి మీద విద్యార్థినుల ఫిర్యాదులు వచ్చాయి. మార్చిలో ఆయనకు నోటీసు వెళ్లింది. కమిటీ కూర్చుంది. మొదట్లో పని నిదానంగానే నడిచింది. మే నెల వచ్చేసరికి ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టయింది. కమిటీ మొత్తం 18 సార్లు సమావేశమైతే, అందులో 12 ఆ మే నెలలోనే జరిగాయి, కొన్నిటికి మధ్య ఒక్కరోజే ఎడం. ఆయన ఒంట్లో బాగాలేదు, గడువు కావాలన్నాడు. కమిటీ ఆయన లేకుండానే ముందుకెళ్లింది. జూన్ 5కల్లా నివేదిక తయారైంది, ఉద్యోగంలోంచి తీసేయమని. విశ్వవిద్యాలయ కార్యనిర్వాహక మండలి దాన్ని ఆమోదించింది. 2010 జనవరిలో ఆయన్ను బర్తరఫ్ చేశారు. గవర్నరుకు పెట్టుకున్న అప్పీలు పోయింది, బొంబాయి హైకోర్టులోనూ ఓడాడు.

ఆ కమిటీ సభ్యుల మనసులో ఏముండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఫిర్యాదు చేసినవాళ్లు విద్యార్థినులు. ఆలస్యమయ్యేకొద్దీ వాళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది, రాజీకి రమ్మని రాయబారాలు వస్తాయి, చదువు ముగించుకుని వాళ్లు వెళ్లిపోతారు. త్వరగా తేల్చడమే మేలనుకుని ఉంటారు. ఆ తొందర మంచి ఉద్దేశంతోనే పుట్టి ఉండొచ్చు. కానీ కోర్టులో ఉద్దేశం నిలబడదు, పద్ధతే నిలబడాలి.

2023 మే 12న సుప్రీంకోర్టు ఆ బర్తరఫ్‌ను కొట్టేసింది. జస్టిస్ ఎ.ఎస్. బోపన్నతో కూర్చున్న జస్టిస్ హిమా కోహ్లీ తీర్పు రాశారు. తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా మనవాళ్లకు తెలిసిన ఆవిడే. ఆయన నిర్దోషి అని ఆ తీర్పు చెప్పలేదు. దోషి అనీ చెప్పలేదు. మెరుపు వేగంతో ముగించాలన్న ఆత్రంలో కమిటీ ఆయనకు తన వాదన చెప్పుకునే వీలివ్వలేదంది. వీలైనంతవరకు పద్ధతి పాటించాలన్న నిబంధనకు, వీలు చూసుకుని పద్ధతి వదిలేయవచ్చని అర్థం కాదంది. కేసును మళ్లీ అదే కమిటీకి పంపింది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలంటే, 2009 మే 5 నాటికి విచారణ ఎక్కడుందో అక్కణ్ణుంచి.

పద్నాలుగేళ్లు. ఫిర్యాదు చేసిన అమ్మాయిలు అప్పటికి ముప్పైల్లోకి వచ్చి ఉంటారు. మే నెలలో ఇంకో నాలుగు వారాలు ఓపిక పట్టి ఉంటే ఆ పద్నాలుగేళ్లూ వాళ్లకు మిగిలేవి. విశ్వవిద్యాలయాల కమిటీలకు ఎవరైనా వకీలు ఒకే ఒక్క ముక్క చెప్పాల్సివస్తే ఇదే చెప్పాలని నాకనిపిస్తుంది. అవతలివాడికి ఇవ్వని గడువును ఆఖరికి అమ్మాయే కట్టాల్సివస్తుంది, వడ్డీతో సహా.

ఆ తీర్పు చివర్లో జస్టిస్ కోహ్లీ ఇంకాస్త దూరం వెళ్లారు. చట్టం వచ్చి పదేళ్లయినా దేశంలోని క్రీడా సమాఖ్యల్లో సగానికి పైగా కమిటీలే సరిగా లేవని అప్పుడే పత్రికల్లో వచ్చింది. దాన్ని ప్రస్తావించి, ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు అన్నిటిలో కమిటీలు ఉన్నాయో లేవో గడువు పెట్టి సరిచూడమన్నారు. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఫిర్యాదు ఇచ్చే పద్ధతి సంస్థ వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా ఉంచమన్నారు.

నాలుగు నెలలు తిరిగేసరికి గుజరాత్‌లోనే ఆ మాటకు పరీక్ష వచ్చింది. అదీ ఎక్కడ? న్యాయశాస్త్రం నేర్పే చోట.

2023 సెప్టెంబరులో గాంధీనగర్‌లోని గుజరాత్ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విద్యార్థుల గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు చెప్పని పోస్టులు కొన్ని వచ్చాయి. ఒకమ్మాయి మీద తోటి విద్యార్థి అత్యాచారం చేశాడని ఒకటి. స్వలింగ ప్రియుడైన ఒక అబ్బాయిని వేధిస్తున్నారని ఇంకొకటి. పత్రికల్లో వార్త పడగానే గుజరాత్ హైకోర్టు తనంత తానే కేసు చేపట్టింది. రేపు వకీళ్లు, జడ్జీలు కాబోయే పిల్లలు తమ బాధ చెప్పుకోవడానికి కమిటీ గదికి కాక ఇన్‌స్టాగ్రామ్‌కి ఎందుకు వెళ్లారన్నది అసలు ప్రశ్న.

విశ్వవిద్యాలయం వైపు నుంచి మొదట వచ్చిన జవాబు అటువంటిదేమీ లేదన్న ధోరణిలోనే సాగింది. కేసు మూసేయమని రిజిస్ట్రారు అఫిడవిట్ కూడా వేశారు. కోర్టు ఊరుకోలేదు. హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ హర్షా దేవానీ అధ్యక్షతన నిజనిర్ధారణ కమిటీ పనిచేసింది. విద్యార్థులతో మాట్లాడింది. ఆ నివేదిక సీల్డ్ కవర్లో కోర్టుకు చేరింది.

2024 ఫిబ్రవరి 28న అహ్మదాబాద్‌లో ప్రధాన న్యాయమూర్తి సునీతా అగర్వాల్, జస్టిస్ అనిరుద్ధ మాయీ దాన్ని తెరిచి చదివారు. నివేదిక భయం గొలిపేలా ఉందని ప్రధాన న్యాయమూర్తి నిండు కోర్టులో అన్నారు. వేధింపులు, అత్యాచారం, వివక్ష, స్వలింగ ప్రియులపై ద్వేషం, గొంతు నొక్కడం, అన్నీ అందులో ఉన్నాయన్నారు. అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఒకటుండాలన్న సంగతే చాలామంది విద్యార్థులకు తెలియదన్నారు. న్యాయ విశ్వవిద్యాలయంలోనే పిల్లల నోరు మూయిస్తే రాష్ట్రంలో ఇంకెవరు మాట్లాడగలరన్నది ఆవిడ ఆవేదన.

మన తెలుగు నేల కూడా దీనికి దూరంగా ఏమీ లేదు. ఆ 2023 అక్టోబరులోనే హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో విద్యార్థులు ధర్నాకు దిగారు. అక్కడి ఫిర్యాదుల కమిటీ పేరు స్పర్శ్, దాన్ని మళ్లీ సరిగా ఏర్పాటు చేయమన్నది వాళ్ల కోరిక. ఆ నిరసనల మధ్యనే ఒక విద్యార్థిని తనపై క్యాంపస్‌లోనే లైంగిక దాడి జరిగిందని ఫిర్యాదు చేసింది.

నిజానికి ఈ రెండు చోట్లా రాయవలసిన నిబంధన ఎప్పుడో రాసి ఉంది. 2012 డిసెంబరు ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత యు.జి.సి. ఒక కార్యదళాన్ని వేసింది. మీనాక్షీ గోపీనాథ్ నాయకత్వంలో అది 2013లో సక్షమ్ పేరిట నివేదిక ఇచ్చింది. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్లకు తాళాలేయకండి, కెమెరాలు పెట్టి కాపలా కాయకండి, అది రక్షణ కాదు అని తేల్చి చెప్పింది. 2016 మే 2న గెజిట్లో వచ్చిన యు.జి.సి. నిబంధనల్లోకీ ఆ మాట వచ్చింది. అబ్బాయిలు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కూడా వేధింపులకు గురవుతారని ఆ నిబంధనలు ఒప్పుకున్నాయి.

రాసినవాళ్లకు కాలేజీల గుట్టు బాగా తెలుసనిపించే చోటు ఇంకొకటుంది. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రారు, డీన్లు, శాఖాధిపతులు ఈ కమిటీలో ఉండకూడదన్నారు. మార్కులు, హాజరు, స్కాలర్‌షిప్ ఎవరి చేతుల్లో ఉంటాయో వాళ్లే తీర్పరులైతే ఎవరు నోరు విప్పుతారు? విద్యార్థికి సంబంధించిన కేసయితే ముగ్గురు విద్యార్థులు సభ్యులుగా కూర్చోవాలి, వాళ్లనూ ఎన్నుకోవాలి, యాజమాన్యం వేలెత్తి చూపినవాళ్లు కాకూడదు. బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. చాలా కాలేజీల్లో పక్కదారి పడుతున్నది ఈ కుర్చీయే. ట్రస్టీగారి బంధువో, ప్రిన్సిపాల్‌గారి పాత స్నేహితుడో ఏదో సంఘం పేరు చెప్పుకుని వచ్చి సంతకం పెట్టి వెళ్తుంటారు. భన్వరీ దేవి పేరు మీద వచ్చిన కుర్చీ అది, అలా పోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

ఇంకో విచిత్రం చూడండి. ఇన్ని తీర్పులు, ఇంతమంది వకీళ్లు వాదించి సాధించిన ఈ కమిటీ గదిలోకి వకీలుకే ప్రవేశం లేదు. 2013 చట్టం కింద చేసిన నియమాల ప్రకారం ఇరుపక్షాల్లో ఎవరూ న్యాయవాదిని తెచ్చుకోకూడదు. అంటే అక్కడ కూర్చునే వృక్షశాస్త్రం మేడమ్, లైబ్రరీ ఉద్యోగి, పీజీ విద్యార్థి, వీళ్లే సాక్ష్యం తూచాలి. గోవా కమిటీ చేసిన తప్పు వాళ్లు చేయకుండా ఉండాలంటే వాళ్లకు ముందే తర్ఫీదు కావాలి. న్యాయ నిపుణుల అవసరం నిజంగా ఉన్నది అక్కడ, ఫిర్యాదు రాకముందు.

సూరత్ గురించి నాలుగు ముక్కలు. లింబాయత్, ఉధనా వైపు వెళ్తే వీధులకు వీధులు మన తెలుగువాళ్లే. సిరిసిల్ల, కరీంనగర్, నల్గొండ, వరంగల్ వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎక్కువ. నగరపాలిక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. మగ్గం మీద పన్నెండేసి గంటలు నిలబడినవాళ్ల కూతుళ్లు ఇప్పుడు తాపీ వంతెన దాటి అడాజన్, రాందేర్ వైపు కాలేజీలకు వస్తున్నారు. ఈ ఊరి విశ్వవిద్యాలయానికి నర్మద్ కవి పేరు పెట్టుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలోనే వితంతు వివాహం కోసం ఊరితో పోట్లాడిన మనిషి పేరది.

ఇక్కడి తెలుగువాళ్లలో ఒకాయన, మగ్గాల మేస్త్రీ, కూతుర్ని కాలేజీలో దింపి మా వీధిలో చాయ్ తాగి వెళ్తుంటాడు. గాంధీనగర్ సంగతి ఎక్కడో విన్నాడు.

"అక్కా, గా కమిటీ అంటే పోలీసోళ్లా?"

"కాదన్నా. కాలేజీవాళ్లే. మేడమ్‌లు, పిల్లలు, బయటినుంచి ఒకరు. పోలీసులకు చెప్పాలనుకుంటే ఆ దారి వేరే ఉంటుంది."

"ఎన్నొద్దులల్ల చెప్పాలె?"

"మూడు నెలల్లోపు. కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు ఇస్తారు. రాయడం రాకపోతే రాయడానికి సాయం చేయాల్సింది కమిటీయే."

"పేరు బయట పడదా మరి?"

బయట ఎవరికీ చెప్పకూడదు, అది నిబంధన అన్నాను. ఆయన అంతటితో వదల్లేదు. "ఆ పోరనికి?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లో దాని ప్రతి అవతలివాడికి పంపాలి. అతను పది రోజుల్లో జవాబివ్వాలి. రాంచీ అమ్మాయిలకు దొరికిన చాటు ఈ కాలపు అమ్మాయికి లేదు. అవతలివాడి హక్కు గట్టిపడిన కొద్దీ ఆ చాటు పలచబడింది, న్యాయంగా చూస్తే అది తప్పు కూడా కాదు. చాటు బదులు చట్టం వేరే ఏర్పాట్లు పెట్టింది. విచారణ నడుస్తుండగా ఇద్దరిలో ఒకర్ని వేరే సెక్షన్‌కి మార్చమనవచ్చు. అవతలివాడు మాస్టారైతే ఆమె పేపర్లు దిద్దకుండా ఆపమనవచ్చు. సెలవడగవచ్చు. తొంభై రోజుల్లో విచారణ ముగియాలి. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అబద్ధపు ఫిర్యాదు అని ఆమె మీద ముద్ర వేయకూడదు. ఇవన్నీ చెప్పాను. ఆయన మొహంలో నమ్మకం సగమే కనిపించింది. ఆ సగం అపనమ్మకంలో అన్యాయమేమీ లేదు.

"అడిగితేనే గదా ఇవన్ని ఇచ్చేది. అడగనీకె ఎవరున్నరో తెల్వాలె. మా బిడ్డ కాలేజీల ఎవరున్నరు?"

"వెబ్‌సైట్‌లో పేర్లు పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది."

ఆయన ఫోనులోనే వెతికాం. కమిటీ అని ఒక పేజీ ఉంది. అధ్యక్షురాలి పేరు ఉంది, ఫోన్ నంబరు లేదు. విద్యార్థి సభ్యుల చోట ఏమీ లేదు. బయటి సభ్యుడి వరసలో ఒక సంస్థ పేరుంది, మనిషి పేరు లేదు.

"ఇగ ఏం జేద్దాం?"

ప్రిన్సిపాల్‌కి అర్జీ పెడదామన్నాను. తెలుగులో చెప్తే తను గుజరాతీలో రాయించుకుంటానన్నాడు, మార్కెట్లో లెక్కలు రాసే కుర్రాడొకడు తెలుసట. కమిటీ సభ్యులందరి పేర్లు, నంబర్లు, విద్యార్థి సభ్యులను ఎప్పుడు ఎన్నుకున్నారు, బయటి సంస్థ నుంచి ఎవరు, సభ్యులకు తర్ఫీదు ఎవరిచ్చారు, ఇవి తెలియజేయండి అని నాలుగు వాక్యాలు చెప్పాను, ఆయన ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఎవరి మీదా ఫిర్యాదు లేదని మొదటి వాక్యంలోనే రాయమన్నాను. కింద తన ఒక్కడి సంతకం వద్దన్నాడాయన. బస్తీ నుంచి ఆ కాలేజీకి వచ్చే అమ్మాయిల తండ్రులు ఇంకా ఉన్నారు, ఆదివారం మగ్గాలు ఆగుతాయి, అందరి చేతా పెట్టిస్తానని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.